మీ డిశ్చార్జి పుస్తకం తీసి చూడండి

(నాన్నగారి మొదటి సంవత్సరీకం మర్నాడు మా ఊరి బడి ఆవరణలో జరిగిన సంస్మరణ సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీద ఉన్న పెద్దలకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలి, కానీ సర్పంచిగారు ఇరవై నిమిషాల పాటు ఆ పని చేసేశారు కాబట్టి నేను తప్పించుకుంటున్నాను. ఎదురుగా కూర్చున్న బాబాయిలకు, పిన్నులకు, అన్నయ్యలకు, వదినలకు, వెనక గోడ ఎక్కిన పిల్లలకు నమస్కారం. పిల్లలూ, ముందు ఆ గోడ దిగండి. ముప్పై ఏళ్లు టీచరుగా చేసిన నోరు, ఊరుకోదు.

నాకు పది నిమిషాలు ఇచ్చారు. ‘నాన్నగారి వీరగాథ చెప్పమ్మా’ అన్నారు. నిన్న రాత్రి కూర్చుని రెండు పేజీలు రాసుకున్నాను కూడా. పొద్దున ఇక్కడికి వచ్చి ఆ ఫ్లెక్సీ చూశాక ఆ కాగితాలు మడిచి సంచిలో పెట్టేశాను.

ఫ్లెక్సీ కట్టించిన కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు. సొంత డబ్బులు వేసుకుని, ఎండలో నిచ్చెన ఎక్కి కట్టారు. కానీ అందరూ ఒకసారి అటు చూడండి. నాన్నగారి వెనక యుద్ధ ట్యాంకు ఉంది. పదిహేడేళ్ల సర్వీసులో ఆయన ట్యాంకు ఎక్కలేదు. పైన రెండు విమానాలు ఎగురుతున్నాయి. వాటి సంగతి నాకు తెలియదు, కుర్రాళ్లనే అడగాలి. ఇక చేతిలో తుపాకీ. ఆ తుపాకీ నిజమైనదే. కాకపోతే అది సైన్యానిది కాదు. రిటైరై వచ్చాక పట్నంలో ఒక బ్యాంకుకు గార్డుగా చేశారు కదా, ఆ బ్యాంకు వాళ్ల డబుల్ బ్యారెల్. మా తమ్ముడు తీసిన ఫోటో అది. అసలు ఫోటోలో ఆయన పక్కన స్టూలు, స్టూలు మీద టిఫిన్ క్యారియర్ కూడా ఉంటాయి. క్యారియర్ ఉన్నచోట ఇప్పుడు మంటలు వచ్చాయి.

నాన్నగారు లారీ డ్రైవరు. ఆర్మీ సర్వీస్ కోర్‌లో, అంటే సైన్యానికి సరుకులు చేరవేసే విభాగంలో, డ్రైవరు. ఈ మాట మైకులో చెబితే ఆయన స్థాయి తగ్గుతుందని ఎవరైనా అనుకుంటున్నారేమో. ఆయన మాత్రం అనుకోలేదు. టీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు ఎప్పుడూ అడిగేవారు, ‘యుద్ధంలో ఎంతమందిని చంపావు మావయ్యా?’ అని. ‘రోడ్డు మీద కుక్కను కూడా తొక్కలేదురా’ అనేవారు. వాళ్లు నవ్వేవాళ్లు. ఆయనకు అది నవ్వులాట మాట కాదు.

మన తాడేపల్లిగూడెం పక్కనే మాధవరం ఉంది. ప్రపంచ యుద్ధాల నాటి నుంచీ సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరు. మిలటరీ మాధవరం అంటే దారిన పోయేవాళ్లు కూడా గౌరవంగా చెబుతారు. మన ఊరికి అలాంటి పేరేమీ లేదు. సైన్యంలో పనిచేసినవాళ్లున్న కుటుంబాలు మొత్తం కలిపితే పదకొండు. నాన్నగారు 1964లో చేరారు. చైనా యుద్ధం తర్వాత సైన్యాన్ని పెంచుతున్న రోజులు. మా తాతకు ఎకరన్నర పొలం, ఐదుగురు కొడుకులు. దేశభక్తి లేదని అనను, ఆ లెక్క కూడా ఉంది మరి. బెంగుళూరులో బండి నడపడం నేర్పారు. 1968లో పెళ్లి. 1970 డిసెంబరులో నేను పుట్టాను. నన్ను ఆయన మొదటిసారి చూసేసరికి నాకు పద్నాలుగు నెలలు. ఆయన్ని చూసి ఏడ్చానట. మీసాలు చూసి.

అన్నాళ్లూ ఎందుకు రాలేదంటే, 1971లో వాళ్ల యూనిట్ త్రిపురలో ఉంది. ఇప్పుడు అగర్తల దాకా రైలు ఉంది. అప్పట్లో రైలు ధర్మనగర్ వరకే, అదీ మీటర్ గేజి. అక్కడి నుంచి అగర్తలకు దాదాపు 200 కిలోమీటర్లు కొండల మీదుగా లారీల్లోనే. మూడు వైపులా తూర్పు పాకిస్తాన్. యుద్ధం డిసెంబరు 3న మొదలైందని నేను పిల్లలకు పాఠం చెప్పాను, 16న ఢాకాలో లొంగుబాటు పత్రం మీద సంతకం అయి 93 వేల మంది లొంగిపోయారని చెప్పాను. లారీల వాళ్లకు అది వానాకాలంలోనే మొదలైందని మాత్రం చెప్పలేదు, నాకే తెలియదు కాబట్టి. అంత సైన్యం అడుగు కదపాలంటే గుండ్లు, పెట్రోలు, బియ్యం, పప్పు, కంబళ్లు ముందే అక్కడికి చేరి ఉండాలి. రోజుల తరబడి, నెలల తరబడి ధర్మనగర్‌లో ఎత్తడం, అటు దించడం, తిరిగి రావడం. అదే రోడ్డు మీద ఎదురుగా శరణార్థులు. ఆ ఏడాది మన దేశంలోకి కోటి మంది వచ్చారు. త్రిపుర జనాభా అప్పటికి పదిహేను లక్షల పైచిలుకు అయితే, ఒక్క త్రిపురలోకే ఇంచుమించు అంతమంది వచ్చారు. నెత్తిన మూటలు, చంకన పిల్లలు. లారీ వాళ్లు హారను కొట్టడానికి మొహమాటపడేవారట.

ఇదంతా నాన్నగారు కూర్చోబెట్టి చెప్పారని అనుకోకండి. ఇటుకల వల్ల తెలిసింది. ఆ ఇటుకల సంగతి చెప్పాలి మీకు, పది నిమిషాలు దాటినా సరే.

మా పెరట్లో వంటింటి గుమ్మం నుంచి మరుగుదొడ్డి దాకా దారికి రెండు పక్కలా ఇటుకలు పాతి ఉంటాయి, మీలో చాలామంది చూశారు. ప్రతి సంక్రాంతికీ వాటికి ఆయనే సున్నం వేసేవారు. కూలీవాణ్ణి పెట్టనిచ్చేవారు కాదు. ఒక ఏడు మా అమ్మాయి, అప్పటికి ఎనిమిదో తరగతి, ‘ఎందుకు తాతయ్యా, కరెంటు లైటు ఉంది కదా’ అని అడిగింది. నేను యాభై ఏళ్లలో అడగని ప్రశ్న అది. ఆయన కుంచె పక్కన పెట్టి, దాన్ని మన వీధిలో ఆగి ఉన్న ధాన్యం లారీ వెనక్కి తీసుకెళ్లి వంగి చూడమన్నారు. వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా ఒక ఉబ్బు ఉంటుంది, డిఫరెన్షియల్ అంటారు. మిలటరీ లారీకి ఆ ఉబ్బు మీద తెల్ల రంగు వేస్తారు. దాని మీద పడేలా లారీ అడుగున ఒక చిన్న దీపం పెడతారు, ఆకాశం నుంచి చూస్తే కనపడకుండా. రాత్రి కాన్వాయ్‌లో హెడ్‌లైట్లు వెయ్యకూడదు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, పైన వాన. డ్రైవరుకు కనిపించేది ముందు లారీ ఇరుసు మీది ఆ తెల్ల మచ్చ ఒక్కటే. అది కుడికి జరిగితే తనూ కుడికి, ఆగితే తనూ ఆగాలి. మరీ దగ్గరగా పోతే గుద్దుతాడు, దూరమైతే మచ్చ పోతుంది. అలా తెల్లవార్లూ.

‘మీ మామ్మకు రేచీకటి. కరెంటు పోతే ఎలా?’ అని మళ్లీ కుంచె తీసుకున్నారట.

అమ్మకు చూపు సరిగా ఆనదని మాకు తెలుసు. రాత్రి లేచిన ప్రతిసారీ ఆయన మేలుకుని ఉండేవారని మాత్రం ఆయన పోయాకే అమ్మ చెప్పింది. లేచి వెంట వచ్చేవారు కాదు, మంచం మీదే ఉండి తలుపు మళ్లీ గడియ పడేదాకా వినేవారట. మోకాలి ఆపరేషను అయి అమ్మ చేతులు పైకెత్తడానికి కూడా ఓపిక లేకుండా ఉన్నప్పుడు నాలుగు నెలలు ఆయనే జడ వేశారు. టార్పాలిన్ తాడు బిగించినట్టు వేసేవారు. అమ్మకు తలనొప్పి వచ్చేది, అయినా వదులు చెయ్యమని అడగలేదు. ఆ జడ చూసి నవ్విన పిన్నులు ఇక్కడే ఉన్నారు, పేర్లు చెప్పను.

ఇంత చేసిన మనిషి అమ్మతో ఏమైనా మాట్లాడేవారా అంటే, లేదు. ఉత్తరాలు కూడా తక్కువే. మనియార్డర్లు వచ్చేవి, 99 ఏపీఓ నుంచి, అంటే సైన్యం పోస్టాఫీసు నుంచి. ఆ ఫారం కింద చిన్న ముక్క ఉండేది, సమాచారం రాసుకోవడానికి. పోస్టుమాన్ డబ్బు లెక్కపెట్టి ఇచ్చి ఆ ముక్క చించి చేతిలో పెట్టేవాడు. మూడు వరసల జాగా. దాంట్లోనే సంసారం అంతా. ‘క్షేమం. 20 అమ్మకు ఇవ్వు. పాపకు పాలు ఆపవద్దు.’ అమ్మ వాటిని వంటింట్లో ఇనప తీగకు గుచ్చేది. ఇప్పటికీ ఉన్నాయి, పొగచూరి, మధ్యలో చిల్లుతో. 1971 చివర్లో వచ్చినదాని మీద ఏముందో చెప్పనా? ‘క్షేమం. పని ఎక్కువగా ఉంది. ధర వచ్చేదాకా వడ్లు అమ్మవద్దు.’ బంగ్లాదేశ్ యుద్ధం గురించి మా ఇంట్లో ఉన్న దస్తావేజు అది.

సరే. ఇప్పుడు నేను అసలు మాట్లాడాలనుకున్నదానికి వస్తాను. నిర్వాహకులు గడియారం చూడకండి, భోజనాలు ఎక్కడికీ పోవు.

ప్రతి నవంబరులో మా అరుగు మీద జరిగేది మీకు తెలుసు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా వచ్చేవాళ్లు, లైఫ్ సర్టిఫికెట్లు, మాజీ సైనికుల వైద్యానికి ఇచ్చే ఈసీహెచ్‌ఎస్ కార్డులు, కాంటీన్ కార్డులు, వితంతు పింఛన్లు. అన్నిటికీ కార్బన్ కాగితం పెట్టి రాసిచ్చేవారు. టీ కూడా మా ఇంట్లోనే. అలాంటి మనిషి పోయాక మా అమ్మకు కుటుంబ పింఛను కోసం కాగితాలు పంపితే వెనక్కి వచ్చాయి. ఎందుకు? 1968లో పెళ్లి సంగతి యూనిట్‌లో రాయించినప్పుడు ఎవరో రైటరు, మన పేర్లు తెలియని మనిషి, చెవికి వినబడినంత రాసుకున్నాడు. మా అమ్మ పేరు చివర ‘అమ్మ’ వదిలేశాడు. పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు కాబట్టి జులై 1 అని పెట్టాడు. ఆధార్ వాళ్లేమో జనవరి 1 అని పెట్టారు. రికార్డులో మా అమ్మ పేరులో అమ్మ లేదు, అందుకని ఆవిడ ఆయన భార్య కాదు. నేను కౌంటరు ముందు నిలబడి ఉండగా ఒకాయన అడిగాడు, ‘ఈ పేరు గల మొదటి భార్య ఇంకెవరైనా ఉండేవారా?’ అని. అమ్మ నా పక్కనే ఉంది. ఆవిడకు మాట సరిగా వినబడలేదు, ‘ఏమంటున్నాడు?’ అంది. ‘కూర్చోమంటున్నాడు’ అన్నాను.

పది నెలలు పట్టింది. అఫిడవిట్లు, పేపరు ప్రకటన, ఇద్దరు సాక్షులు, పాత రేషను కార్డు. ఒక కాగితం కోసం ఆయన ట్రంకు పెట్టె తెరిచాను, నల్లది, తెల్ల రంగుతో నంబరు రాసి ఉండేది. అడుగున ఒక ఫైలు. అందులో తొమ్మిది ఉత్తరాల కార్బన్ కాపీలు. మొదటిది 1983, చివరిది 2019. తొమ్మిదింట్లోనూ ఒకటే విషయం: నా భార్య పేరు చివర ఇంత వదిలేశారు, సరిచేయ ప్రార్థన. వాళ్లు ఒకసారి పెళ్లి సర్టిఫికెట్ అడిగారు. పందిట్లో జరిగిన పెళ్లికి సర్టిఫికెట్ ఎక్కడిది? ఇంకోసారి అడిగిన కాగితం పంపితే దానికి జవాబే లేదు. ఊరందరి కాగితాలూ సరిచేసిన మనిషి ముప్పై ఆరేళ్లు ఇంట్లో ఈ మాట అనలేదు. అమ్మ బెంగపడుతుందని. నాతో అని ఉంటే నేను నాలుగు ఆఫీసులు తిరిగి ఉండేదాన్ని కదా. ఆయన తక్కువ మాట్లాడే మనిషని ఇందాకటి నుంచి అందరూ పొగుడుతున్నారు. నేనూ పొగుడుతాను. కానీ ఆ ఒక్క విషయంలో ఆయన నోరు తెరిచి ఉండవలసింది. ఈ మాట ఆయన ఫోటో ముందే అంటున్నాను.

అందుకని బాబాయిలూ, మిమ్మల్నే అడుగుతున్నాను. మీ ఇళ్లలో సర్వీసు అయిపోయినప్పుడు సైన్యం ఇచ్చిన డిశ్చార్జి పుస్తకాలు ఉన్నాయి, పీపీఓలు, అంటే పింఛను ఉత్తర్వులు ఉన్నాయి. ఈ రాత్రికే తీయండి. పిన్ని పేరు ఎలా రాసి ఉందో ఒక్కొక్క అక్షరం చూడండి. పుట్టిన తేదీ చూడండి. ఆధార్ పక్కన పెట్టి చూడండి. పిన్నులూ, ఆయన తీయకపోతే మీరే తీయండి, ‘నీకెందుకే’ అంటే నా పేరు చెప్పండి. మనిషి ఉండగా ఆయన సంతకంతో అయ్యే పని, మనిషి పోయాక సాక్షులతో అవుతుంది. ఒక్కొక్కరుగా ఉత్తరాలు రాస్తే ఏమవుతుందో ఆ ఫైలు చెబుతోంది. మిగతా పది కుటుంబాలవాళ్లూ నేనూ కలిసి ఒకే రోజున జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళదాం. అఫిడవిట్ ఎలా రాయాలో ఇప్పుడు నాకు నిద్రలో అడిగినా వస్తుంది.

పోయిన నెల అమ్మకు మొదటి పింఛను పడింది. ఫోనుకు మెసేజి వచ్చింది, నేను చదివి వినిపించాను. అంకె, తేదీ, ఖాతా నంబరు చివరి అంకెలు. అమ్మ కాసేపు ఆగి, ‘కింద ఏమీ రాయలేదా?’ అంది.

నేను ఇంకేమీ చెప్పలేను. నమస్కారం... ఉండండి, రెండు మాటలు. పుస్తకం ఇప్పుడే తెచ్చినవాళ్లు ఉంటే ఆ వేపచెట్టు కింద బల్ల దగ్గర మా అమ్మాయి కూర్చుంది, భోజనాలకు ముందే చూపించండి. రెండోది, ఆ ఫ్లెక్సీ. మబ్బు పట్టి ఉంది, కల్లాల్లో ధాన్యం ఉంది. కాలవ గట్టు మీద కుప్ప పోసుకున్న అన్నయ్య ఎవరో ఇందాక ఆకాశం చూసుకుంటూ కూర్చున్నారు. సభ అవగానే విప్పి తీసుకెళ్లండి అన్నయ్యా, పన్నెండు అడుగులు ఉంది, మొత్తం కప్పుతుంది. ట్యాంకు పైకి రాకుండా తిరగేసి కప్పండి.