ముక్కులో కండ పెరిగితే

శ్రోతలకు నమస్కారం. టార్చిలైటు వేసుకుని అద్దంలో ముక్కు లోపల చూసుకుని, ఎర్రగా ఏదో కనబడగానే కండ పెరిగిందని టెన్షన్ పడి మా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది. వాళ్లలో ఎక్కువమందికి కనబడింది ముక్కు పక్కగోడకు పుట్టుకతోనే ఉండే కండ. మనం పీల్చే గాలిని వెచ్చబరిచి తేమనిచ్చేది అదే. జలుబు చేస్తే ఉబ్బుతుంది, తగ్గితే దిగుతుంది. దాన్ని చూసి భయపడకండి.

నిజంగా పెరిగే కండ వేరు, దాన్ని పాలిప్ అంటాం. ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదులను సైనస్‌లు అంటాం. వాటి లోపలి పొర చాలాకాలం వాచి, నీరు పట్టి, తొక్క తీసిన ద్రాక్షపండులా పాలిపోయి కిందికి వేలాడుతుంది. మామూలుగా రెండు వైపులా వస్తుంది. క్యాన్సర్ కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. నొప్పి ఉండదు, అందుకే జనం పట్టించుకోరు. ఊపిరి ఆడదు, చాలామందికి వాసన కూడా పోతుంది.

దేవరకొండ వైపు ఒక బడిలో మధ్యాహ్న భోజనం వండే అమ్మ సంగతి చెప్తాను. "సారూ, పప్పు మాడినా తెలుస్తలేదు, పిల్లలు చెప్తే ఉరుకుతున్న" అన్నది. గ్యాసు లీకైనా ఈమెకు తెలియదు కదా అని నాకు భయం వేసింది. మందుల షాపులో కొన్న దిబ్బడ చుక్కలు ఏడాదికి పైగా వేసుకుంటోంది. ఆ చుక్కలు 5 రోజులు మించి వాడితే అవే ముక్కును మూస్తాయి. కాసేపు హాయి, తర్వాత ఇంకా దిబ్బడ, మళ్లీ చుక్కలు. ముందు అవి మాన్పించి, వాపు తగ్గించే స్టెరాయిడ్ స్ప్రే రాశాను.

కొన్నాళ్లకే తిరిగొచ్చింది. "పనికిరాదు సారూ, నాలుగు దినాలు కొట్టిన, ఏం ఫరక్ పడలే. రక్తం గూడ వచ్చింది."

ఎట్లా కొడుతున్నవో చూపించమ్మా అన్నాను. తల వెనక్కి వాల్చింది, సీసా మూతిని ముక్కు మధ్యగోడకు ఆనించింది, కొట్టగానే గట్టిగా ఎగబీల్చింది. మందు కొంత మధ్యగోడకు తగిలి పుండు చేసింది, మిగిలింది గొంతులోకి పోయింది. పాలిప్ దాకా చేరిందేమీ లేదు.

కాబట్టి ఈ పూట స్ప్రే కొట్టే పద్ధతి గట్టిగా చెప్తాను. ముందు ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోండి. ఆ నీళ్లు కాచి చల్లార్చినవే కావాలి. బోరు నీళ్లు వద్దు, నల్లా నీళ్లు వద్దు. సీసా ఊపండి. తల కొంచెం ముందుకు వంచండి. కుడి ముక్కుకు ఎడమ చేయి, ఎడమ ముక్కుకు కుడి చేయి. చేయి మారితే సీసా మూతి దానంతటదే చెవి వైపు తిరుగుతుంది. మెల్లగా పీల్చండి, ఎగబీల్చకండి. రోజూ కొట్టండి. బాగున్న రోజు కూడా కొట్టండి. గుణం తెలియడానికి వారాలు పడుతుంది. స్టెరాయిడ్ అనగానే బెదరకండి, స్ప్రే నుంచి ఒంట్లోకి చేరేది చాలా తక్కువ.

ఆమె చేయి మార్చింది. దసరా ముందు వచ్చినప్పుడు "పోపుల ఎల్లిగడ్డ వాసన వస్తుంది సారూ" అని చెప్తుంటే నాకెంత సంతోషమో!

అందరికీ స్ప్రే ఒక్కటే చాలదు. కొందరికి ఎండోస్కోపుతో, అంటే ముక్కులోంచి పంపే సన్నటి కెమెరా గొట్టంతో, ఆపరేషన్ చేయాలి. పాలిప్ తీసేసినా వాచే గుణం పోదు, అది మళ్లీ పెరగొచ్చు. అందుకే ఆపరేషన్ తర్వాత కూడా స్ప్రే ఆపొద్దు. పసర్లు పోయించుకోవడం, మందు పెట్టి కాల్పించుకోవడం మాత్రం దయచేసి వద్దు.

ఉబ్బసం కూడా ఉంటే ఇంకో జాగ్రత్త. పాలిప్స్, ఉబ్బసం రెండూ ఉన్న కొందరికి ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటి నొప్పి మాత్రలు పడవు, ఆయాసం ముంచుకొస్తుంది. ఊళ్లో ఆర్‌ఎంపీని ఒళ్లు నొప్పుల మాత్ర అడిగినప్పుడు ఈ సంగతి ముందే చెప్పండి.

ఒక్క వైపే కండ ఉన్నా, రక్తం కారుతున్నా, కన్ను వాచినా, చిన్నపిల్లలకు పాలిప్ వచ్చినా స్ప్రేతో రోజులు నెట్టకండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో ఈఎన్‌టీ విభాగాలున్నాయి, వెంటనే వెళ్లి చూపించుకోండి.