హరికథ అయిపోగానే సినిమా పాట ఎందుకొస్తోంది? మన కళాకారుల కోసం చిన్న రికమెండేషన్ సిస్టం

అందరికీ నమస్కారం, తిరుపతి నుంచి మాట్లాడుతున్నా. మన చిత్తూరు వైపు భారతం జరిగే ఊళ్లో పగలు చెప్పిన హరికథను ఎవరో ఫోన్‌లో రికార్డు చేసి నెట్‌లో పెడతారు, మీరు ఇష్టంగా వింటారు, అది అయిపోగానే ఏం మోగుతుంది? సినిమా పాట. పక్క మండలంలోనే ఇంకో భాగవతార్ ఉన్నాడని యాప్ చెప్పదు. ఆయన్ని మీ లిస్టులోకి తెచ్చే రికమెండేషన్ సిస్టం, అంటే తర్వాత ఏం వినాలో సూచించే ప్రోగ్రాం, ఈ రోజు కడదాం. పైథాన్ ప్రోగ్రామింగ్ కొంచెం వస్తే చాలు, బ్రౌజర్‌లోనే కోడ్ నడిపే గూగుల్ కోలాబ్ తెరవండి.

ముందు వినేవాళ్ల లెక్క ఒక స్ప్రెడ్‌షీట్‌లో పెట్టుకోండి, అందులో మూడు కాలమ్‌లు: ఎవరు విన్నారు, ఏది విన్నారు, ఎంత భాగం విన్నారు. పేర్లు, ఫోన్ నంబర్లు వద్దు, ఒక్కొక్కరికి ఒక అంకె ఇవ్వండి.

ఇప్పుడు అసలు విషయం, ఇక్కడ కాస్త నిదానంగా చూడండి. ఇది విన్నవాళ్లు ఇంకేం విన్నారు అని లెక్కపెట్టే పద్ధతిని కొలాబరేటివ్ ఫిల్టరింగ్ అంటారు. మన దగ్గర 1000 మంది ఉన్నారనుకుందాం. హరికథ విన్నది 10 మంది. వాళ్లలో 8 మంది ఒక సినిమా పాట కూడా విన్నారు, 4 మంది ఒక కోలాటం పాట విన్నారు. ఊరికే లెక్కపెడితే 8 పెద్దది కాబట్టి సినిమా పాటే గెలుస్తుంది. కానీ ఆ సినిమా పాట 900 మంది విన్నదే కదా, హరికథ వినేవాళ్లకి అదేం ప్రత్యేకం? కోలాటం మొత్తం విన్నదే 5 మంది. అందుకే కొసైన్ సిమిలారిటీ, అంటే రెండు పాటలు వినేవాళ్లు ఎంత దగ్గరగా కలుస్తారో చెప్పే స్కోరు, వాడతాం: 10ని 900తో గుణించి, వర్గమూలం తీసి, దాంతో 8ని భాగిస్తే 0.08 వస్తుంది. కోలాటానికి అదే లెక్క చేస్తే 0.57. చూశారా, తారుమారైపోయింది! సైకిట్-లెర్న్ అనే పైథాన్ లైబ్రరీలో దీనికి రెడీమేడ్ ఫంక్షన్ ఉంది, ఒక్క లైను. అయితే ఒక్కడే రెండూ విన్నా, వాటిని ఇంకెవరూ వినకపోతే స్కోరు ఏకంగా 1 వచ్చేస్తుంది, కాబట్టి రెండూ విన్నవాళ్లు కనీసం ముగ్గురైనా లేని జతలను తీసేయండి.

మరి నిన్ననే పాట పెట్టిన కుర్రాడి సంగతేంటి? ఎవరూ వినలేదు, లెక్కే లేదు. దీన్నే కోల్డ్ స్టార్ట్ అంటారు. ఇక్కడ ట్యాగులే, అంటే పాటకు తగిలించే గుర్తింపు మాటలే, దిక్కు: అవి ఎక్కువ కలిసిన పాటకు ఎక్కువ మార్కులు. 'తెలుగు ఫోక్' అని రాసి వదిలేస్తే ఏ ఉపయోగమూ లేదు, ఎందుకంటే అందులో అన్నీ పడతాయి. వాయిద్యం, సందర్భం, ఊరు రాయండి: పంబ, గంగమ్మ జాతర, తిరుపతి. నాదస్వరం, పెళ్లి, కుప్పం. పాట పేరుకు మాత్రం తక్కువ మార్కులివ్వండి. అన్నమయ్య కీర్తన పేరుతో కలపబోతే పెద్ద పెద్ద గాయకుల రికార్డింగులన్నీ వచ్చి మీదపడతాయి, ఎస్వీ సంగీత కళాశాలలో నేర్చుకుంటున్న పిల్ల పాడింది అడుగున ఉండిపోతుంది. చూపించే 10 పాటల్లో 2 చోట్లు ఇలాంటి కొత్తవాళ్లకి ఖాళీగా ఉంచండి.

ఇంకోటి, స్కిప్ చేశారు కాబట్టి నచ్చలేదని తీర్మానించకండి. సినిమా పాటకి మొదటి 30 సెకన్లు చాలేమో గానీ, హరికథలో ఆ టైముకి ప్రార్థన కూడా అవ్వదు! రెండు గంటల కథను ఘట్టాలుగా కోసి విడివిడిగా పెట్టండి, అప్పుడు ఎంత భాగం విన్నారన్న కాలమ్‌కి ఒక అర్థం ఉంటుంది.

పని చేస్తోందా లేదా చూడ్డానికి, ఒక్కొక్కరు విన్నవాటిలో ఒకటి దాచిపెట్టి సిస్టం నడపండి, దాచింది మొదటి 10లో వస్తే పాసే. చివరగా, కళాకారుడు ఒప్పుకుంటేనే రికార్డింగ్ పెట్టండి, ఆయన సరేనంటే పాట కిందే కార్యక్రమాలకు పిలిచే నంబరు కూడా ఇవ్వండి, వాళ్ల సంపాదన పాట ఎన్నిసార్లు ప్లే అయిందన్నదాని మీద కాదు, పిలుపుల మీద. సరే, స్క్రీన్ షేర్ చేస్తున్నా, మొదటి సెల్, అంటే కోలాబ్‌లో కోడ్ రాసే మొదటి పెట్టె, రన్ చేద్దాం.