అరఫాత్‌లో ఆ ఒక్క మధ్యాహ్నం

అస్సలాము అలైకుమ్. హజ్‌కు బయలుదేరుతున్న పెద్దలకు, తల్లులకు నా సలాములు.

మీలో చాలామంది మనసు కాబా మీదే ఉంది. ఉండాల్సిందే. కానీ ఈరోజు నేను అరఫాత్ మైదానం గురించే మాట్లాడతాను. కాబా చుట్టూ తవాఫ్ (ప్రదక్షిణ) ఏడాది పొడవునా జరుగుతుంది, ఎప్పుడైనా చేయగల చిన్న యాత్ర ఉమ్రాకు వెళ్లినవాళ్లూ చేస్తారు. అరఫాత్‌లో నిలిచి ప్రార్థించాల్సింది మాత్రం ఇస్లామీ ఏడాది చివరి నెల జిల్‌హజ్ 9న. "హజ్ అంటే అరఫానే" అన్నారు ప్రవక్త (స). అది తప్పిపోతే ఆ ఏడాది హజ్ లేనట్టే.

మక్కాకు ఆగ్నేయంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, హరమ్ (మక్కా చుట్టూ ఉన్న పవిత్ర ప్రాంతం) సరిహద్దుకు అవతల ఉందీ మైదానం. ఇస్లాంకు ముందు మక్కాను ఏలిన ఖురైషు తెగవాళ్లు అక్కడికి వెళ్లేవారు కాదు. "మేం హరమ్‌వాళ్లం, దాన్ని దాటం" అంటూ హరమ్ లోపలే ఉన్న ముజ్దలిఫాలోనే ఆగిపోయేవారు. సామాన్య జనం అరఫాత్ దాకా వెళ్లేవారు. జనమంతా ఎక్కడి నుంచి మరలుతారో మీరూ అక్కడి నుంచే మరలండి అని ఖురాన్ (2:199) ఆ తేడాను చెరిపేసింది. 632లో, తన చివరి హజ్‌లో, ఖురైషు వంశంలోనే పుట్టిన ప్రవక్త (స) ముజ్దలిఫా దగ్గర ఆగకుండా ముందుకు సాగారు. ఆ రోజు ఖుత్బాలో (ప్రసంగంలో) వడ్డీ రద్దని ప్రకటించి, మొట్టమొదట సొంత బాబాయి అబ్బాస్‌కు రావాల్సిన వడ్డీనే కొట్టేశారు. నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం ఇది.

ఇంకో మాట చెప్తున్నాను, అరఫాత్‌లోని కొండ జబలె రహ్మత్ ఎక్కితేనే దువా కబూల్ అవుతుందని (ప్రార్థన ఫలిస్తుందని) టెన్షన్ పడకండి. "నేనిక్కడ నిలిచాను, అరఫాత్ అంతా నిలిచే చోటే" అన్నది ప్రవక్త (స) మాటే. కొండ దగ్గర తోపులాటలో మోకాళ్లు నొప్పి పుట్టించుకునే బదులు మీ టెంట్‌లోనే ఖిబ్లా (కాబా ఉన్న దిక్కు) వైపు తిరిగి చేతులెత్తండి. తెలుగులోనే అడగండి. మన వేప చెట్లే అక్కడా నాటారు, ఆ నీడన కూర్చున్నా సరే. ఎండను తేలిగ్గా తీసుకోవద్దు. 2024 హజ్‌లో 1,300 మందికి పైగా చనిపోయారు. గొడుగు, నీళ్లు, ఓఆర్ఎస్ దగ్గరుంచుకోండి.

అరఫాత్ అంచున ఉన్న నమిరా మసీదుకు వెళ్లేవాళ్లు ఒకటి గమనించండి. దాని ముందు భాగం అరఫాత్ హద్దు బయట ఉంది. అక్కడ జుహర్, అసర్ (మధ్యాహ్నం, సాయంత్రం) నమాజులు చదివాక బోర్డులు చూసుకుని హద్దు లోపలికి వచ్చేయండి. సూర్యుడు అస్తమించేదాకా కదలొద్దు. మగ్రిబ్ (సూర్యాస్తమయ నమాజు) అక్కడ చదవకండి. ముజ్దలిఫా చేరాక ఇషాతో (రాత్రి నమాజుతో) కలిపి చదవాలి.