మియాటా రివ్యూ: మన గరాజ్‌లో మనమే రిపేర్ చేసుకోగల స్పోర్ట్స్ కారు

నమస్తే అండి. ఈ రోజు రివ్యూకి తెచ్చింది ముప్పై ఏళ్ల పాత కారు. 1995 మోడల్ మజ్దా మియాటా. జీరో నుంచి అరవైకి ఎన్ని సెకన్లు, టాప్ స్పీడ్ ఎంత అని అడిగేవాళ్ళకి ఈ వీడియో పనికిరాదు. అవి చెప్పేవాళ్ళు బోలెడంత మంది ఉన్నారు. నేను చూడబోయేది ఒక్కటే. మెకానిక్ గడప తొక్కకుండా ఈ కారుని మన గరాజ్‌లో మనమే ఎంతవరకు చూసుకోగలం? ఏ బోల్టు దగ్గరికి చెయ్యి వెళ్తుంది, ఏ బోల్టు దగ్గర మనకి చుక్కలు కనిపిస్తాయి?

మజ్దా అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది స్వరాజ్ మజ్దా వ్యాన్. అందులో స్కూల్‌కి వెళ్ళినవాళ్ళు ఉంటే కామెంట్ పెట్టండి. ఈ మియాటాని మాత్రం ఇండియాలో కంపెనీ ఎప్పుడూ అమ్మలేదు. నాలాగా అమెరికాలో ఉన్నవాళ్ళకి సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించారు. మొదట్లో 1.6 లీటర్ల ఇంజన్, 116 హార్స్‌పవర్. 1994 మోడల్ నుంచి 1.8 లీటర్లు, 128 హార్స్‌పవర్. బరువు టన్నుకి కాస్త అటూఇటూ. ఇప్పటి ఫ్యామిలీ కార్ల ముందు ఈ హార్స్‌పవర్ లెక్కలోకి రాదు, నిజమే. కానీ 2016 నాటికి అన్ని తరాలూ కలిపి పది లక్షల మియాటాలు తయారయ్యాయి. రెండు సీట్ల స్పోర్ట్స్ కారుకి అది మామూలు విషయం కాదు. మనకి అందులో లాభం ఏంటంటే, పార్టులు దొరుకుతాయి, చవగ్గా దొరుకుతాయి.

బానెట్ ఎత్తుతున్నాను, చూడండి. ఇంజన్ నిలువుగా కూర్చుంది, పవర్ వెనక చక్రాలకి వెళ్తుంది. మామూలు ఫ్యామిలీ కారులో ఇంజన్ అడ్డంగా ఉండి, ఒక పక్క గేర్‌బాక్స్, ఇంకో పక్క బెల్టులు ఇరుక్కుని ఉంటాయి. ఇక్కడ ఇంజన్‌కి రెండు పక్కలా చెయ్యి పెట్టుకునే జాగా ఉంది. స్పార్క్ ప్లగ్గులు పైనే ఉన్నాయి, పది పదిహేను నిమిషాల పని. ఎయిర్ ఫిల్టర్, బెల్టులు, రేడియేటర్ పైపులు, ఇవన్నీ పైనుంచే అందుతాయి. బోల్టులు కూడా ఎక్కువ శాతం 10, 12, 14, 17, 19, 21 ఎంఎం సైజులే. ఒక మోస్తరు సాకెట్ సెట్ కొనుక్కుంటే చాలు, ఈ కంపెనీకి మాత్రమే పనికొచ్చే స్పెషల్ టూల్ అంటూ పెద్దగా అక్కర్లేదు.

రేడియేటర్ మాట వచ్చింది కాబట్టి, పై ట్యాంక్ ప్లాస్టిక్ రంగు ఒకసారి చూడండి. కొత్తదైతే నల్లగా ఉంటుంది. వేడికి ఏళ్ల తరబడి కాలి గోధుమ రంగులోకి తిరిగిందంటే, అది ఏ రోజైనా పగలడానికి రెడీగా ఉందని అర్థం. డాలస్ ఎండల్లో హైవే మీద పగిలే కంటే, ఇంట్లో తీరిగ్గా మార్చుకోవడం మేలు.

ఇక ఆయిల్ మార్చడం. వినడానికి ఎంత చిన్న పనో, ఈ కారులో అంత చిరాకు పని. డ్రెయిన్ బోల్టు 19 ఎంఎం, సులువుగా వస్తుంది. ఫిల్టర్ దగ్గరే ఉంది అసలు కథ. ఇంటేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి తీసుకెళ్ళే గొట్టాలు) కింద, ప్యాసింజర్ వైపు లోపలికి దాక్కుని ఉంటుంది. పైనుంచి కనిపించదు. కింద పడుకుని మోచేతి దాకా చెయ్యి దూర్చి, కళ్ళు మూసుకున్నా ఒకటే తెరిచినా ఒకటే అన్నట్టు తడుముకోవాలి. కొందరు ముందు చక్రం తీసి అటునుంచి చెయ్యి పెడతారు, నాకూ అదే నయం అనిపించింది. విప్పగానే లోపలున్న ఆయిల్ క్రాస్‌మెంబర్ మీదకి, అంటే ఇంజన్ కింద అడ్డంగా ఉండే దూలం మీదకి కారుతుంది, గుడ్డలు ముందే పరచుకోండి. ఇంజన్ వేడిగా ఉండగా మాత్రం ఆ సందులో చెయ్యి పెట్టొద్దు. ఇంత శ్రద్ధగా కారు చేసిన ఇంజనీర్లు ఆ ఫిల్టర్‌ని అక్కడ ఎందుకు పెట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కింద పడుకోవడం అన్నాను కాబట్టి జాక్ గురించి చెప్పి తీరాలి. కారు బాగా కిందకి ఉంటుంది, మామూలు ఫ్లోర్ జాక్ దూరకపోవచ్చు. లో ప్రొఫైల్ జాక్ తీసుకోండి. ముందు వైపు క్రాస్‌మెంబర్ మధ్యలో, వెనక వైపు డిఫరెన్షియల్ (వెనక చక్రాలకి పవర్ పంచే గేర్ల డబ్బా) కింద పెట్టి ఎత్తొచ్చు. ఎత్తాక జాక్ స్టాండ్లు పెట్టాల్సిందే. జాక్ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కిందకి తల పెట్టకండి, బోల్టు పడిపోతే తీసుకోవడానికైనా సరే. ఇంకొకటి, అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళు లీజు ఒకసారి చదువుకోండి. పార్కింగ్‌లో కారు రిపేర్ చేయకూడదని చాలా చోట్ల రాసి ఉంటుంది. సొంత ఇల్లు ఉన్నా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళు డ్రైవ్‌వేలో ఒప్పుకోకపోవచ్చు. గరాజ్ తలుపు వేసుకుని చేసుకోవడం మంచిది, కానీ ఇంజన్ స్టార్ట్ చేసేముందు తలుపు పూర్తిగా తెరవండి. ఆ పొగ ప్రాణం తీస్తుంది.

ఇప్పుడు ఈ పాత మియాటాల్లో అందరినీ భయపెట్టే లీక్ దగ్గరికి వద్దాం. కారు కింద, ఇంజన్ గేర్‌బాక్స్ కలిసే చోట ఆయిల్ చుక్కలు కనిపిస్తాయి. షాపుకి తీసుకెళ్తే 'రియర్ మెయిన్ సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలి' అనే మాట వినబడొచ్చు. బిల్లు వందల డాలర్లు దాటిపోతుంది. రియర్ మెయిన్ సీల్ అంటే క్రాంక్ షాఫ్ట్ వెనక చివర ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు. ఆ మాటకి తల ఊపే ముందు కెమెరా పెట్టిన ఈ చోటు చూడండి. ఇంజన్ హెడ్ వెనక, ఫైర్‌వాల్‌కి ఆనుకున్నట్టు ఉన్న ఈ గుండ్రటి ముక్క క్యామ్ యాంగిల్ సెన్సర్. దీని చుట్టూ ఒక ఓ-రింగ్ ఉంటుంది. ముప్పై ఏళ్లకి ఆ రబ్బరు గట్టిపడి ప్లాస్టిక్‌లా అయిపోతుంది. అక్కడి నుంచి కారిన ఆయిల్ ఇంజన్ వెనక గోడ మీదుగా జారి, సరిగ్గా రియర్ మెయిన్ సీల్ ఉండే చోటే కింద చుక్కగా పడుతుంది. వేలు పెట్టి సెన్సర్ కింద తడిమి చూడండి. తడిగా ఉంటే దొంగ దొరికినట్టే. ఓ-రింగ్ ఖరీదు కొన్ని డాలర్లు.

మార్చడానికి ఒక్క 12 ఎంఎం బోల్టు విప్పాలి. విప్పేముందు సెన్సర్‌కీ హెడ్‌కీ కలిపి ఒక గీత గీయండి, ఇది మర్చిపోవద్దు. ఎందుకంటే ఈ సెన్సర్‌ని కాస్త అటూఇటూ తిప్పితే ఇగ్నిషన్ టైమింగ్ మారిపోతుంది. గీత కలిపి బిగిస్తే దాదాపు పాత చోటికే వస్తుంది. పక్కాగా ఉండాలంటే టైమింగ్ లైట్ కావాలి. బానెట్ కింద డయాగ్నసిస్ అని రాసిన చిన్న డబ్బా ఉంది. మూత తీస్తే లోపల పిన్నుల పేర్లు కనిపిస్తాయి. టీఈఎన్, జీఎన్‌డీ అనే రెండిటినీ ఒక వైరు ముక్కతో కలిపి, ఇంజన్ వేడెక్కాక, టైమింగ్ 10 డిగ్రీల దగ్గర పెట్టాలి. ఇంకో ఉపయోగం కూడా ఉంది. నా 1995 మోడల్ లాంటి వాటికి ఇప్పటి స్కానర్లు తగలవు, ఆ స్కానర్ తగిలించే పద్ధతి 1996 నుంచి వచ్చింది. ఇదే రెండు పిన్నులు కలిపి తాళం ఆన్ చేస్తే చెక్ ఇంజన్ లైట్ మిణుకుమిణుకుమంటూ కోడ్ చెప్తుంది. లెక్కపెట్టుకోవడమే. స్కానర్ ఖర్చు మిగిలింది.

తర్వాతది క్లచ్. పెడల్ నొక్కితే నేలకి అంటుకుపోతుంది, రివర్స్ పడేటప్పుడు కరకరమంటుంది. వెంటనే క్లచ్ ప్లేట్ అరిగిపోయిందని టెన్షన్ పడకండి. ఈ కారులో ముందు అనుమానించాల్సింది స్లేవ్ సిలిండర్, అంటే పెడల్ నొక్కినప్పుడు ఫ్లూయిడ్ ఒత్తిడితో క్లచ్‌ని కదిలించే భాగం. గేర్‌బాక్స్ ప్యాసింజర్ వైపు, రెండు బోల్టులతో బిగించి ఉంటుంది. దాని మీద రబ్బరు బూట్ కొంచెం వెనక్కి లాగితే లోపల ఫ్లూయిడ్ కారుతుందా లేదా తెలిసిపోతుంది. కారితే దాని పని అయిపోయింది. పై రిజర్వాయర్‌లో ఫ్లూయిడ్ నల్లగా ఉన్నా అదే గుర్తు. ముప్పై నలభై డాలర్లలో కొత్తది వస్తుంది. పైన ఉండే మాస్టర్ సిలిండర్ కూడా అదే వయసుది కాబట్టి, రెండూ కలిపి మార్చేయడం నయం. ఒకటి మారిస్తే కొన్నాళ్ళకి రెండోది మొదలుపెడుతుంది.

మార్చాక ఫ్లూయిడ్ పైపులో చేరిన గాలి తీయడానికి మాత్రం ఇంకో మనిషి కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ నొక్కాలి, ఒకరు కింద బ్లీడర్ (గాలి వదిలే స్క్రూ) విప్పి బిగించాలి. మా ఇంట్లో ఆ పని ఎలా జరుగుతుందంటే, కింద నుంచి నేను 'నొక్కు, పట్టుకో, వదులు' అని అరుస్తుంటాను, పైనుంచి మా ఆవిడ 'ఏవండీ, ఇంకెంతసేపు? పొయ్యి మీద పప్పు ఉంది' అంటుంది. వరసలో ఒక్కటి తప్పితే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. బిగించకముందే పెడల్ వదలకూడదు, అంతే.

ఇప్పుడు వెనక బ్రేకులు. నా లెక్కలో ఈ కారు మొత్తంలో తెలిసి చేయాల్సిన పని ఇదే. ముందు చక్రాల ప్యాడ్లు మార్చేటప్పుడు సీ-క్లాంప్ పెట్టి పిస్టన్‌ని వెనక్కి నొక్కుతాం, అది సరే. అదే క్లాంప్ తెచ్చి వెనక కాలిపర్‌కి (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగానికి) పెడితే పిస్టన్ కదలదు. కదలట్లేదని ఇంకా గట్టిగా బిగిస్తే లోపల హ్యాండ్ బ్రేక్ మెకానిజం పాడవుతుంది. దీన్ని తిప్పుతూ నొక్కే టూల్ కూడా అక్కర్లేదు. కాలిపర్ వెనక వైపు ఒక 14 ఎంఎం బోల్టు కనిపిస్తుంది, చూడ్డానికి మామూలు బోల్టే. అది నిజానికి ఒక మూత. దాన్ని తీసేస్తే లోపల 4 ఎంఎం ఆలెన్ కీ దూరే రంధ్రం ఉంటుంది. కీ పెట్టి గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిప్పితే పిస్టన్ మెల్లగా వెనక్కి వెళ్తుంది, బలం పెట్టాల్సిన పనే లేదు. కొత్త ప్యాడ్లు వేశాక గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పి ప్యాడ్ డిస్క్‌కి తగిలే దాకా తెచ్చి, అక్కడి నుంచి మూడో వంతు చుట్టు వెనక్కి వదలాలి. చక్రం చేత్తో తిరగాలి. మూత బోల్టు మళ్ళీ బిగించండి, లేకపోతే నీళ్ళు దిగి లోపల తుప్పు పడుతుంది. హ్యాండ్ బ్రేక్ సరిగ్గా పట్టట్లేదని కేబుల్ బిగించేసే వాళ్ళు చాలామంది ఉన్నారు. చాలావరకు ఆ తప్పు కేబుల్‌ది కాదు, ఈ అడ్జస్ట్‌మెంట్‌ది. పని అయ్యాక పార్కింగ్‌లోంచి కదిలే ముందే పెడల్ నాలుగైదు సార్లు నొక్కి గట్టిపడిందో లేదో చూసుకోండి.

టైమింగ్ బెల్ట్ పేరు వింటే భయం కదా. ఈ తరం మియాటా ఇంజన్ ఆ విషయంలో జాలి గలది. బెల్ట్ తెగినా వాల్వులు పిస్టన్లకి తగలవు, కారు ఆగిపోతుందంతే. అందుకే మొదటిసారి టైమింగ్ బెల్ట్ నేర్చుకోవాలనుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి ఇంజన్ నేను చెప్పలేను. 60,000 మైళ్ళకి మార్చాలి. క్యామ్ స్ప్రాకెట్ల మీద ఐ, ఈ అనే గుర్తులు ఉంటాయి, బెల్ట్ వేశాక ఆ రెండిటి మధ్య 19 పళ్ళు రావాలి. ఒకటి ఎక్కువైనా తక్కువైనా మళ్ళీ విప్పాల్సిందే. అక్కడిదాకా విప్పారు కాబట్టి వాటర్ పంప్, సీల్స్ కూడా మార్చేయండి.

నేను చేయమని చెప్పని పనులూ ఉన్నాయి. క్లచ్ ప్లేట్ ఒకటి. ఈ కారులో గేర్‌బాక్స్‌నీ డిఫరెన్షియల్‌నీ కలుపుతూ పొడవాటి అల్యూమినియం ఫ్రేమ్ ఉంటుంది. అది తీయనిదే గేర్‌బాక్స్ రాదు, తిరిగి బిగించేటప్పుడు ఎత్తు సరిచూసుకోవాలి. జాక్ స్టాండ్ల మీద, వీపు కింద అట్టముక్క వేసుకుని ఆ బరువు దించడం నాకు సరదా అనిపించలేదు. డబ్బులిచ్చి చేయించుకోండి. వీల్ అలైన్‌మెంట్, ఏసీ గ్యాస్ కూడా అంతే.

గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఆయిళ్ళు మాత్రం మీరే మార్చుకోవచ్చు. ముందు పోసే బోల్టు విప్పండి, అది వచ్చాకే కింద బోల్టు ముట్టుకోండి. ఆయిల్ అంతా దించేశాక పై బోల్టు రాకపోతే కారు కదలదు, షాపుకి కూడా తీసుకెళ్ళలేరు.

బ్యాటరీ వెనక డిక్కీలో ఉంటుంది. దాని గ్యాస్ బయటికి పోవడానికి పైపు ఉండాలి, అందుకని చవగ్గా వస్తోందని ఏది పడితే అది పెట్టకండి. ఈ కారు హెడ్‌లైట్లు వేసినప్పుడు మాత్రమే పైకి లేస్తాయి. ఒకవేళ లేవకపోతే దాని మోటార్ మీద చిన్న నాబ్ ఉంది, చేత్తో తిప్పినా లేస్తుంది. రాత్రిపూట ఇంటికి చేరడానికి ఆ మాత్రం చాలు.

కొనాలనుకుంటే, నా మాటకి విలువ ఇస్తే, 1994 నుంచి 1997 మధ్య 1.8 చూడండి. 1990, 1991 మొదటి కార్లలో క్రాంక్ షాఫ్ట్ ముక్కు (పుల్లీ బిగించే ముందు చివర) పొట్టిది. అక్కడ పుల్లీ బోల్టు వదులైతే పుల్లీని షాఫ్ట్‌తో కలిపి తిప్పే కీ కూర్చునే గాడి అరిగిపోయి ఇంజన్‌కే ముప్పు. ఆ కార్లన్నీ చెడ్డవని కాదు, కానీ ముందు పుల్లీకి ఎన్ని గాట్లు ఉన్నాయో చూడకుండా డబ్బులు ఇవ్వొద్దు. నాలుగైతే పొట్టి ముక్కు, ఎనిమిదైతే పొడవుది.

ఇంజన్ కంటే ముందు బాడీ చూడాలి అనేది నా పట్టుదల. ఇంజన్ మనం బాగు చేసుకోగలం, తుప్పుని గరాజ్‌లో బాగు చేయలేం. వాన నీళ్ళు మడిచే టాప్ మీద నుంచి సీట్ల వెనక మూలల్లో ఉన్న చిన్న గొట్టాల్లోకి దిగి, కింద బయటికి పోవాలి. ఆకులు, మట్టి అడ్డుపడితే ఆ నీళ్ళు తలుపు కింద ఉండే సిల్‌లో నిలిచి లోపలి నుంచి తినేస్తాయి. పైన పెయింట్ మాత్రం నిగనిగలాడుతుంటుంది. వెనక చక్రానికి కాస్త ముందు, సిల్ కింద భాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కండి. లోపలికి పోయినట్టు అనిపించినా, కరకరమన్నా, రేటు ఎంత తగ్గించినా తీసుకోవద్దు. ఉప్పు చల్లే మంచు రాష్ట్రాల కార్లకి ఈ పరీక్ష రెండు వైపులా చేయండి. తర్వాత ఒక మగ్గుడు నీళ్ళు ఆ మూల గొట్టంలో పోసి, కింద నేల మీద పడుతున్నాయో లేదో వంగి చూడండి. అమ్మేవాళ్ళు వింతగా చూస్తారు, చూడనివ్వండి.