ఏం అడిగారమ్మా?

శ్రోతలకు నమస్కారం.

మన విజయవాడ, గుంటూరు వైపు ఇళ్ళల్లో బైపీసీ చదివే పిల్ల ఉంటే ఆ ఇంట్లో వినపడే లెక్కలు రెండే. డాక్టరు చదువుకి రాసే ప్రవేశ పరీక్ష నీట్‌లో 720కి ఎన్ని వచ్చాయి, ర్యాంకు ఎంత. 180 ప్రశ్నలు, మూడు గంటలు, ఒప్పుకి 4 మార్కులు, తప్పుకి ఒక మార్కు కోత. ర్యాంకు వచ్చాక ఆన్‌లైన్‌లో ఆప్షన్లు పెట్టుకోవడం, విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం వాళ్ళు ఇచ్చే అలాట్‌మెంట్ లిస్టు కోసం ఎదురుచూడటం. ర్యాంకుని బట్టి ఇచ్చే ఈ కన్వీనర్ కోటా సీటుకి దారి పొడుగునా ఒక్క మనిషి కూడా ఎదురుగా కూర్చుని, "డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నావమ్మా?" అని అడగడు.

అడిగే చోట్లు కొన్ని ఉన్నాయి. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ ఇంటర్వ్యూల గురించి.

వెల్లూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ, సీఎంసీలో ఒకప్పుడు ఎంబీబీఎస్‌కి రాతపరీక్ష ఒక్కటే చాలేది కాదు, పిల్లల్ని పిలిపించి కొన్ని రోజులు దగ్గర పెట్టుకుని చూసేవాళ్ళు. నీట్ ఒక్కటే కొలబద్ద అన్నప్పుడు, 2017లో, 100 సీట్లలో ఒక్కటి మాత్రమే నింపి మిగతావి ఖాళీగా వదిలేశారు. నీట్ అందరికీ తప్పనిసరే అని 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఆ వివాదం ముగిసింది. అమెరికా, ఇంగ్లండు, కెనడా లాంటి దేశాల్లో మాత్రం ఇంటర్వ్యూ లేకుండా సీటు ఇవ్వడం అరుదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇరవై ఏళ్ళ కిందట తెచ్చిన పద్ధతి ఇప్పుడు చాలా దేశాల్లో నడుస్తోంది. ఒక వరండా, వరుసగా గదులు. తలుపు మీద కాగితం అంటించి ఉంటుంది. చదువుకోవడానికి రెండు నిమిషాలు, లోపల ఎనిమిది నిమిషాలు, గంట మోగితే పక్క గది. ఒక గదిలో నటుడు ఏడుస్తూ కూర్చుంటాడు, అతనితో మాట్లాడాలి. ఇంకో గదిలో ఏది చేస్తే న్యాయమో తేల్చుకోవాల్సిన సమస్య ఇస్తారు. అమెరికాలోనో ఇంగ్లండులోనో మనవలున్న తాతయ్యలు, అమ్మమ్మలు ఈ పాటికి ఈ గంట సంగతి ఫోన్లో వినే ఉంటారు.

మనకు దగ్గర్లో అయితే పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాల ఉంది, ఏఎఫ్ఎంసీ. 1948లో మొదలైంది. నీట్ స్కోరుని బట్టి వడపోసి పిలుస్తారు. అక్కడ ఇంగ్లీషు, లాజిక్ కలిపి ఒక పరీక్ష, మానసిక పరీక్ష, వైద్య పరీక్షలు, ఇంటర్వ్యూ. ఇంటర్వ్యూకి 50 మార్కులు. చదువయ్యాక సైన్యంలో వైద్యసేవ చెయ్యాలి.

నేను గుంటూరులో చాలా ఏళ్ళు జువాలజీ చెప్పాను. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఈ పుణె ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చింది. ఆ పిల్ల కథ మీకు పూర్తిగా చెప్పాలి, మిగతావన్నీ తగ్గించైనా సరే.

వాళ్ళ నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో కాటా దగ్గర గుమస్తా. నాయనమ్మ తొడిమలు తీసే పనికి వెళ్ళేది. నీట్‌లో మంచి స్కోరు వచ్చింది, పుణె నుంచి పిలుపొచ్చింది. తండ్రీ కూతురూ గుంటూరు నుంచి విజయవాడ వచ్చి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కారు. దాదాపు ఒక రోజంతా ప్రయాణం. దారి పొడుగునా ఆ పిల్ల చేతిలో ఒక నోట్‌బుక్కు. అందులో యాభై ప్రశ్నలు, వాటికి ఎవరో రాసిచ్చిన యాభై జవాబులు. "డాక్టరు ఎందుకు కావాలి?" అన్నదానికి పదహారు లైన్లు. సేవ, మానవత్వం, చిన్ననాటి కల. అన్నీ అందులో ఉన్నాయి, తను తప్ప.

ఇంటర్వ్యూ కంటే దాని ముందు వరండాలో కూర్చోవడమే కష్టం అని చెప్పింది. అందరూ ఇస్త్రీ బట్టల్లో ఉన్నారు. ఒళ్ళో సర్టిఫికెట్ల ఫైలు. పక్కవాళ్ళకి ఎన్ని మార్కులో అడగకూడదు అనుకుంటూనే అడుగుతారు. బయటికొచ్చిన ప్రతి వాళ్ళనీ చుట్టుముట్టి "ఏం అడిగారు, ఏం అడిగారు?" ఒకరిని క్రికెట్ అడిగారట, ఒకరిని సరిహద్దుల గురించి అడిగారట. విన్నకొద్దీ టెన్షన్. నాలుక ఎండిపోతుంది. నోట్‌బుక్కు తెరిస్తే అక్షరాలు కనపడతాయి కానీ మనసుకి ఎక్కవు. తన పేరు పిలిచేసరికి ఆ పదహారు లైన్లలో మొదటి మాట కూడా గుర్తు లేదట.

లోపల నలుగురు. కూర్చోమన్నారు. కాగితం చూసి ఒకాయన, "గుంటూరా? అయితే మిరపకాయ ఎందుకు మండుతుందో చెప్పు" అన్నారు.

నోట్‌బుక్కులో లేని ప్రశ్న. అయినా తెలిసిన సంగతే. కాప్సైసిన్ అనే పదార్థం వల్ల అని చెప్పింది.

"అది సరే. నిప్పు లేదు కదా, మరి ఒళ్ళు కాలినట్టు ఎందుకు ఉంటుంది?"

ఈ పిల్ల ఒక్క క్షణం ఆగి, "తెలియదు సర్" అంది.

ఇక్కడ ఒక్క నిమిషం. మన పిల్లలకి అన్నిటికంటే కష్టమైన మాట ఇది. తెలియదు. రెండేళ్ళ పాటు వారం వారం టెస్టులు రాసినవాళ్ళకి తెలియదు అనడం అంటే ఓడిపోవడం. అందుకే ఏదో ఒకటి అల్లేస్తారు. అడిగేవాళ్ళకి అల్లిక వెంటనే తెలిసిపోతుంది. రేపు వార్డులో మందు మోతాదు తెలియకపోయినా ఇలాగే అల్లుతుందా అన్న అనుమానం వాళ్ళకి అక్కడే మొదలవుతుంది. తెలియదు అని తల ఎత్తి చెప్పడం వచ్చిన పిల్ల ఆసుపత్రికి కావాలి. నేనైతే దానికే సగం మార్కులు వేస్తాను.

గుంటూరు వాళ్ళం కాబట్టి ఆ ప్రశ్నకి జవాబు కూడా చెప్పుకుందాం. మన నాడుల చివర వేడిని కనిపెట్టే గ్రాహకం ఒకటి ఉంటుంది. ఒళ్ళు కాలేంత వేడి తగిలితే అది మెదడుకి కబురు పంపుతుంది. కాప్సైసిన్ వచ్చి సరిగ్గా దాన్నే తాకుతుంది. మెదడుకి చేరేది అదే కబురు, అందుకే నిప్పు లేకుండా మంట. మిరపకాయ కారాన్నే సాధనంగా పెట్టుకుని ఈ గ్రాహకాన్ని పట్టుకున్నాయన డేవిడ్ జూలియస్. 2021లో వైద్యంలో నోబెల్ బహుమతి అందుకున్న ఇద్దరిలో ఆయనొకరు. ఈ సంగతి ఆ పిల్లకి తిరిగొచ్చాక నేను చెప్పాను. నోరు తెరుచుకుని వింది.

సరే, మళ్ళీ ఆ గదిలోకి వెళదాం. "చేతులు మండితే మీ ఇంట్లో ఏం చేస్తారు?" అని అడిగారు. పిల్ల ముఖం అక్కడ తేటపడి ఉంటుంది. నాయనమ్మ సాయంత్రం పని నుంచి రాగానే నీళ్ళ జోలికి పోకుండా ముందు రెండు చేతులకీ కొబ్బరి నూనె పట్టించుకుని రుద్దుకుంటుంది, ఆ తర్వాత సబ్బుతో కడుక్కుంటుంది, అప్పటిదాకా మమ్మల్ని ముట్టుకోదు సర్, అంది. నూనె ఎందుకు అన్నారు. ఆ కారం నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది అని తనే ఆలోచించుకుని చెప్పింది. తొడిమని ఇంగ్లీషులో ఏమంటారో ఆ క్షణంలో తట్టలేదట. బొటనవేలు, చూపుడువేలు కలిపి, కాయని ఎలా పట్టుకుంటారో, తొడిమ ఎలా తుంచుతారో గాల్లోనే చేసి చూపించింది. ఆ నలుగురూ ముందుకు వంగి చూశారట.

అప్పుడు అక్కడున్న మేడమ్ ఒకావిడ అడిగారు. "నువ్వు డాక్టరువి అయ్యావనుకో. ఆ పనిచేసే ఆడవాళ్ళకి ఏం సలహా ఇస్తావు?"

గ్లౌజులు వేసుకోమంటాను అనాలి కదా. ఎవరైనా అదే అంటారు. నేనూ అదే అనేదాన్ని. ఈ పిల్ల ఏమందో వినండి. "ముందు వాళ్ళని అడుగుతాను మేడమ్, గ్లౌజులు ఎందుకు వేసుకోవడం లేదని. నేను మా నాయనమ్మకి కొనిచ్చాను. రెండు రోజులు వేసుకుని తీసేసింది. వేసుకుంటే తొడిమ జారిపోతుందంట. కిలోల లెక్కన కూలి. పని నెమ్మదిస్తే డబ్బులు తగ్గుతాయి. అది తెలియక నేను కోప్పడ్డాను."

ఎవరూ ఏమీ అనలేదు. ఒకాయన ఏదో రాసుకున్నారు. ఇక వెళ్ళవచ్చు అన్నారు.

గేటు బయట వాళ్ళ నాన్న ఉన్నాడు. పొద్దున్నుంచీ అక్కడే. చేతి సంచీలో ఇంటి నుంచి తెచ్చిన పులిహోర డబ్బా. మొదటి మాట, "ఏం అడిగారమ్మా?"

"మన మిరపకాయల గురించే నాన్నా."

ఆయనకి అర్థం కాలేదు. ఇంత దూరం రప్పించి మిరపకాయల గురించి అడుగుతారా? రైల్లో మళ్ళీ మళ్ళీ అడిగాడట. ఏం అడిగారమ్మా, నిజంగా ఏం అడిగారు?

సీటు సంగతి కూడా చెప్పాలి. పుణెలో తుది జాబితాలో పేరు రాలేదు. అక్కడికి వచ్చేవాళ్ళందరూ గట్టివాళ్ళే, సీట్లు కొన్నే. ఇక్కడ మన రాష్ట్రంలోనే ప్రభుత్వ కళాశాలలో సీటు వచ్చింది, చేరింది. ఇప్పుడు మూడో సంవత్సరం. వార్డుల్లో కేసులు రాసుకునే పనిలో ఉంది. మొన్న కనపడి, "మేడమ్, ఇక్కడ రోజూ ఇంటర్వ్యూయే. కాకపోతే ఇప్పుడు అడగాల్సింది నేను" అంది.

నిజమే. 2019లో మార్చిన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో రోగితో ఎలా మాట్లాడాలి, చెడ్డ కబురు ఎలా చెప్పాలి, అనుమతి ఎలా అడగాలి అన్నవి కూడా పాఠాలే. అంటే సీటుకి ఇంటర్వ్యూ లేకపోయినా, సీటు వచ్చాక మాట్లాడటం ఎలాగూ నేర్చుకోక తప్పదు. పద్దెనిమిదేళ్ళు నోరు విప్పనివ్వకుండా పెంచి, ఆ తర్వాత ఒక్కసారిగా మంచం పక్కన నిలబెడితే ఆ పిల్ల ఏమవుతుంది?

నోరు విప్పనివ్వకుండా అన్నాను. కోపంగా అన్న మాట కాదు, చూసి అన్న మాట. మన ఇళ్ళకి చుట్టాలొస్తారు. "ఏం చదువుతున్నావమ్మా?" అని పిల్లని అడుగుతారు. జవాబు ఎవరు చెబుతారు? అమ్మ. "బైపీసీ అండీ, నీట్‌కి ప్రిపేరవుతోంది." "ఏ సబ్జెక్టు ఇష్టం?" నాన్న చెబుతాడు. "బయాలజీ బాగా చేస్తుందండీ, ఫిజిక్సే కొంచెం." పిల్ల పక్కన నవ్వుతూ నిలబడి ఉంటుంది. ప్రేమతోనే చేస్తాం, టైము వృథా కాకూడదని చేస్తాం. నేనూ మా అబ్బాయి విషయంలో ఏళ్ళ తరబడి చేశాను.

అందుకని ఇంటర్వ్యూ ఉన్నా లేకపోయినా తల్లిదండ్రులకి నేను చెప్పేది ఒక్కటే పని. పిల్లని అడిగిన ప్రశ్నకి మీరు జవాబు చెప్పకండి. పిల్ల తడుముకుంటుంది, తడుముకోనివ్వండి. మనసులో పది లెక్కపెట్టండి. ఎనిమిది దగ్గరే మీ నోరు ఊరుకోదు, అయినా పది దాకా లెక్కపెట్టండి.

ఇంట్లో పెద్దవాళ్ళని ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పుడు పిల్లని వెంట తీసుకెళ్ళండి. మన గుంటూరు పెద్దాసుపత్రిలో ఒక పూట ఓపీ దగ్గర కూర్చుంటే కనపడేవి ఏ నోట్‌బుక్కులోనూ ఉండవు. చీటీ ఎక్కడ రాయించుకోవాలో పిల్లనే కనుక్కోనివ్వండి. నాయనమ్మకి ఏం బాధో డాక్టరుకి పిల్లనే చెప్పనివ్వండి. ఇంటికొచ్చాక ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో నాయనమ్మకి అర్థమయ్యే మాటల్లో పిల్ల చెప్పాలి. నాయనమ్మ దాన్ని తిరిగి అప్పజెప్పాలి. తప్పు చెబితే ఇంకోలా చెప్పాలి, విసుక్కోకుండా.

దానికి ఒక గంట పడుతుంది. ఆ గంటలో కెమిస్ట్రీ లెక్కలు చేసుకునేది కదా అనిపిస్తుంది మీకు. ఆదివారం టెస్టు అయిపోయాక సాయంత్రం ఉంటుంది కదండీ. ఈ ఆదివారం బీపీ మాత్రలు తెచ్చే పని ఉంటే, ఆ చీటీ పిల్ల చేతికివ్వండి. తిరిగొచ్చాక ఏం అడిగారమ్మా, నువ్వేం చెప్పావు అని అడిగి, తను చెప్పేదాకా ఆగండి.

నమస్కారం.