గిర్రుమనే రోటర్ కోసం వాచీ మూత తెరిపించకండి

నమస్కారం. అసలు మాట మొదటే చెబుతున్నాను. చెయ్యి ఊపినప్పుడు మీ ఆటోమేటిక్ వాచీలో రోటర్ (చెయ్యి కదిలితే తిరిగే లోపలి బరువు) గిర్రుమని తిరుగుతోందన్న ఒక్క కారణంతో దాని వెనక మూతను ఎవరి చేతా తెరిపించకండి. నెల్లూరులో గానీ, కావలిలో గానీ, ఒంగోలులో గానీ, దుకాణం ఎంత పేరున్నదైనా సరే, ఆ ఒక్క కారణానికి తెరిపించకండి.

గత వీడియోలో ఒంగోలు ప్రేక్షకుడొకరు పంపిన చప్పుడును వినిపించినప్పటి నుంచి జరుగుతున్న రగడ మీకు తెలిసినదే. ఆయనది జపాన్ సంస్థ మియోటా వారి 8215 మిషను (వాచీని నడిపే లోపలి యంత్రం) ఉన్న కొత్త వాచీ. మణికట్టు తిప్పితే లోపల ఏదో గిరగిరా తిరిగిన చప్పుడు వస్తుంది. మిషను నాసిరకమని కొందరు తేల్చేశారు, వెంటనే సర్వీసుకు ఇమ్మని మరికొందరు రాశారు, ఆయన చూపించిన దుకాణంలోనైతే మొత్తం విప్పి కడగాలని చెప్పి వాచీని అక్కడే ఉంచి వెళ్లమన్నారు. ఆ వాచీ సమయం సరిగా చూపుతోందా, రాత్రి తీసి పెడితే తెల్లవారేసరికి నడుస్తూనే ఉందా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. వాచీని గురించి అడగవలసిన మొదటి ప్రశ్నలను వదిలేసి చప్పుడు మీద తీర్పులు చెప్పడం నాకు నిజంగా బాధ కలిగించింది, కోపం కూడా తెప్పించింది.

ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. ఆటోమేటిక్ వాచీలో అర్ధచంద్రాకారంలో ఉండే బరువైన లోహపు పలక, అంటే రోటర్, మన చెయ్యి కదిలినప్పుడల్లా తిరుగుతూ స్ప్రింగును చుడుతుంది. కొన్ని మిషన్లలో అది ఎటు తిరిగినా స్ప్రింగు చుట్టుకుంటుంది. మరి కొన్నింటిలో ఒక వైపు తిరిగినప్పుడే చుట్టుకుంటుంది, రెండో వైపు ఏ పనీ లేకుండా, ఏ అడ్డూ లేకుండా ఉత్తినే తిరిగిపోతుంది. సైకిలు దిగువకు పోతున్నప్పుడు తొక్కడం ఆపితే వెనక చక్రం దగ్గర ఫ్రీవీల్ చప్పుడు చేస్తుంది కదా, ఇదీ అటువంటిదే. మియోటా 8215 ఒక వైపే చుట్టే మిషను. 2009లో వచ్చిన మియోటా 9015 కూడా ఒక వైపే చుడుతుంది. లక్షలు పోసి కొనే ఎన్నో స్విస్ క్రోనోగ్రాఫులలో, అంటే స్టాప్‌వాచీ కూడా ఉన్న వాచీలలో, ఉండే 7750 మిషను కూడా అంతే, అందులో రోటర్ ఉత్తినే తిరిగినప్పుడు వాచీ మొత్తం మణికట్టు మీద వణికినట్టు చేతికి తెలుస్తుంది. దానిని నాసిరకమని ఎవరూ అనరు. ధర తక్కువ వాచీలో వచ్చినప్పుడు లోపమని, ధర ఎక్కువ వాచీలో వచ్చినప్పుడు ప్రత్యేకత అని చెప్పడం న్యాయం కాదు.

మీ వాచీ ఏ రకమో తెలుసుకోవడం సులభం. వాచీని నిలువుగా పట్టుకొని నెమ్మదిగా ఒక వైపు తిప్పండి, తరువాత రెండో వైపు తిప్పండి. ఒక వైపు రోటర్ బరువుగా, ఆగి ఆగి కదిలి, రెండో వైపు జర్రున జారిపోతే అది ఒక వైపు చుట్టేది. ఆ జర్రున జారే చప్పుడే మీరు వింటున్నది.

రోటర్ పుట్టుక నుంచే చప్పుడు ఉన్నది. ఇంగ్లండుకు చెందిన జాన్ హార్వుడ్ 1920లలో చేసిన మొదటి చేతివాచీ ఆటోమేటిక్‌లలో బరువు పూర్తిగా తిరిగేది కాదు, అటూ ఇటూ ఊగి రెండు చివరలా స్ప్రింగులకు కొట్టుకొనేది. ఆ తాకిడి ధరించినవారికి స్పష్టంగా తెలిసేది. 1931లో రోలెక్స్ పూర్తిగా చుట్టూ తిరిగే రోటర్‌ను తెచ్చింది. 1948లో ఎటెర్నా సంస్థ రోటర్‌ను చిన్న బాల్ బేరింగుల మీద కూర్చోబెట్టింది, ఆ సంస్థ గుర్తులో కనిపించే ఐదు చుక్కలు ఆ ఐదు గుండ్లే. అరుగుదల తగ్గించడానికి వచ్చిన ఆ బేరింగులలో గుండ్లు దొర్లే సన్నని చప్పుడు కూడా సహజమే.

మరి ఇప్పుడే ఇంత భయం ఎందుకు వచ్చింది? దీని మీద నాకొక గట్టి అభిప్రాయం ఉన్నది, మీరు ఒప్పుకోకపోయినా చెబుతాను. మన చెవులు బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీలకు అలవాటు పడిపోయాయి. 1984లో టైటన్ మొదలై క్వార్ట్జ్ వాచీలను ఇంటింటికీ తెచ్చిన తరువాత పెరిగినవారికి, వాచీ లోపల ఒక వస్తువు తిరుగుతుందన్న అనుభవమే లేదు. దానికి తోడు, ఇప్పుడు ధర తక్కువ వాచీలకు కూడా వెనక గాజు మూత పెట్టి, రోటర్ కనిపించాలని లోపల ఖాళీ వదులుతున్నారు. పాత వాచీల మందపాటి ఉక్కు మూత అణచిపెట్టే చప్పుడు ఆ ఖాళీలో పెరిగి బయటికి వస్తున్నదని నా నమ్మకం. ఇంకొకటి గమనించండి. ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువు గట్టు మీద ఏరేటర్ల హోరులో నిలబడి పనిచేసే రైతు ఎవరూ ఇంతవరకు నాకు రోటర్ చప్పుడు చేస్తోందని రాయలేదు. రాసేవారందరూ అర్ధరాత్రి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో, వాచీని చెవికి ఆనించుకొని ఊపి చూసినవారే. అలా వింటే ఏ ఆటోమేటిక్ అయినా మాట్లాడుతుంది.

ఇక నాకు అసలు కోపం తెప్పించే పని దగ్గరకు వస్తాను. చప్పుడు ఆపమని వాచీని ఇస్తే, కొందరు మూత తీసి రోటర్ మధ్య బేరింగులో చిక్కటి నూనె చుక్క వేసి ఇస్తున్నారు. చప్పుడు తగ్గుతుంది, ఇచ్చినవారు సంతోషిస్తారు. అయితే ఆ చిక్కదనం రోటర్‌కు అడ్డం పడుతుంది. తేలికగా తిరగవలసిన బరువు నెమ్మదిస్తుంది, స్ప్రింగు సగమే చుట్టుకుంటుంది. ఎక్కువైన నూనె అక్కడే ఉండిపోదు, కింద పళ్లచక్రాల మీదికి పాకుతుంది, దుమ్మును పట్టుకుంటుంది. కొన్ని నెలలకు వాచీ రాత్రిపూట ఆగిపోవడం మొదలైతే అప్పుడు నిజంగానే సర్వీసు అవసరమవుతుంది. లేని జబ్బుకు మందు వేసి ఉన్న ఆరోగ్యాన్ని పాడుచేయడం ఇదే. మూత తీసినప్పుడు రబ్బరు రింగు చిట్లినా, మెలి తిరిగి కూర్చున్నా, సముద్రపు గాలి ఉన్న మన ప్రాంతంలో తేమ లోపలికి చేరడానికి ఎంతో కాలం పట్టదు. అందుకే అంటున్నాను, గిర్రుమనే చప్పుడుకు మూత తెరిపించకండి.

ఇప్పుడు రెండో సగం, దయచేసి దీనిని కూడా అంతే గట్టిగా పట్టించుకోండి. చప్పుడు గిర్రుమనడం మాని గీసుకున్నట్టు, రాసుకున్నట్టు, ఇసుక పడ్డట్టు వినిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకండి. నిన్నటి దాకా లేని కటకట ఈరోజు మొదలైనా అంతే. వాచీ కింద పడినప్పుడో, చేతికి పెద్ద దెబ్బ తగిలినప్పుడో రోటర్ మర సడలవచ్చు, ఇరుసు వంగవచ్చు, ఏళ్ల తరబడి నడిచిన బేరింగు అరిగిపోయి రోటర్ ఒక పక్కకు వాలవచ్చు. అప్పుడు దాని అంచు మూతకో, కింది పలకకో తగులుతుంది. తగిలిన ప్రతిసారీ లోహపు పొడి రాలుతుంది, ఆ పొడి నూనెలో కలిసి చక్రాల ఇరుసులను అరగదీస్తుంది. మొదటి రోజు తెస్తే మర బిగించి, శుభ్రం చేసి పంపగలిగిన వాచీ, ఆరు నెలలు ధరించి తెస్తే మొత్తం విప్పక తప్పని స్థితికి వస్తుంది. గాజు మూత ఉంటే మీరే చూడవచ్చు: రోటర్ తిరిగే దారిలో గుండ్రటి గీతలు గానీ, మెరిసే పొడి గానీ కనిపిస్తే వాచీని వెంటనే చేతి నుంచి తీసేయండి, ఊపి ఊపి పరీక్షించకండి.

చీమకుర్తి ప్రాంతంలో గ్రానైట్ యూనిట్లలో పనిచేసే మిత్రులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. చేతితో పట్టుకొనే కోత మిషను, గ్రైండరు వాడేటప్పుడు ఆటోమేటిక్ వాచీని తీసి పక్కన పెట్టండి. ఆ ఎడతెగని అదురు రోటర్ మరలకు, ఇరుసుకు మంచిది కాదు, ఆ సన్నని రాతి దుమ్ము క్రౌన్ (వాచీ పక్కన కీ ఇచ్చే గుండీ) దగ్గర చేరితే అక్కడి రబ్బరు రింగుకు కూడా మంచిది కాదు.

సర్వీసు ఎప్పుడు చేయించాలో చెవి చెప్పదు, గంటలు చెబుతాయి. చేత్తో కీ ఇవ్వగలిగిన వాచీ అయితే క్రౌన్‌ను నలభై చుట్ల వరకు నెమ్మదిగా తిప్పి, వాచీని బల్ల మీద కదపకుండా పెట్టి, ఎన్ని గంటలకు ఆగుతుందో చూడండి. సీకో వారి ఎన్‌హెచ్35 మిషనుకు 41 గంటలు, మియోటా 9015కు 42, స్విస్ సంస్థ ఈటీఏ వారి 2824కు 38 గంటలు సంస్థలు చెప్పే లెక్క. దానికి కొంచెం అటూ ఇటూ ఉంటే చింతించవద్దు. పాతిక గంటలకే ఆగిపోతే లోపల నూనె ఎండిందని గానీ, స్ప్రింగు బలహీనపడిందని గానీ అనుమానించాలి, చప్పుడు ఉన్నా లేకపోయినా సర్వీసుకు ఇవ్వాలి. అలా కాకుండా, కీ ఇస్తే పూర్తి గంటలు నడిచి, రోజంతా ధరించినా రాత్రికే ఆగిపోతుంటే లోపం రోటర్ నుంచి స్ప్రింగుకు చేరే దారిలో ఉన్నది, లేదా మీరు రోజంతా కుర్చీలో కూర్చొని పనిచేసేవారు. ఈ రెండోది చాలా మంది విషయంలో నిజం, దానికి మెకానిక్ ఏమీ చేయలేడు, ఉదయం కాసేపు కీ ఇచ్చుకుంటే చాలు. సీకో 7ఎస్26 వంటి పాత మిషన్లకు చేత్తో కీ ఇచ్చే వీలు లేదు కనుక, బాగా తిరిగిన రోజున ధరించి, రాత్రి తీసి పెట్టి లెక్క చూడండి.

2824 రకం మిషన్లలో ఇంకొక గుర్తు ఉన్నది. క్రౌన్‌తో కీ ఇస్తుంటే రోటర్ కూడా దానితో పాటు జోరుగా తిరిగిపోతుంటే, రెండు వైపులా చుట్టించే చిన్న రివర్సర్ చక్రాలు ఎండిపోయాయని అర్థం. అప్పుడు కీ ఇవ్వడం ఆపి చూపించండి. వాచీ ఉన్నట్టుండి రోజుకు ఎన్నో నిమిషాలు ముందుకు పోతుంటే మాత్రం అయస్కాంతం పట్టి ఉండవచ్చు, స్పీకర్ల దగ్గర, ఫోను కవర్ల అయస్కాంతం దగ్గర పెట్టారేమో చూసుకోండి. దానిని తీసేయడానికి వాచీని విప్పవలసిన పనే లేదు.

చప్పుడు చేయని వాచీ గురించి కూడా నాకు భయం ఉన్నది. గిర్రుమన్న వాచీని పదిమంది పరీక్షిస్తారు, మౌనంగా ఉన్న వాచీ ఎండిన నూనెతో పదిహేనేళ్లు అరుగుతూ ఉన్నా ఎవరూ పట్టించుకోరు. రోలెక్స్ సుమారు 10 ఏళ్లకు ఒకసారి, ఒమేగా 5 నుంచి 8 ఏళ్లకు ఒకసారి సర్వీసు చేయించమంటున్నాయి. ఆ లెక్కలో రోటర్ చప్పుడు అన్న మాటే లేదు.

ఇంట్లో నాన్నగారి హెచ్ఎంటీ ఆటోమేటిక్ ఉన్నవారి సంగతి వేరు. సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన ఆ తయారీకి 2016లో కేంద్ర ప్రభుత్వం ముగింపు పలికింది. అసలైన విడిభాగాలు దొరకడం కష్టం. అటువంటి వాచీలో రోటర్ రాసుకుంటుంటే దానిని ధరించడం ఆపి, ఆ మిషన్లు తెలిసిన పాత మెకానిక్‌నే వెతకండి. మన ఊళ్లలో అటువంటివారు తక్కువే అయినా ఇంకా ఉన్నారు. మరో వాచీ రోటర్‌ను అరగదీసి అమర్చుతామంటే ఒప్పుకోకండి.

ఎక్కడ ఇచ్చినా, ఇచ్చే ముందు ఈ మాటలు అడగండి. మూతను మీ కళ్లెదుటే తీసి, దాని లోపలి వైపు గీతలు ఉన్నాయేమో చూపించమనండి. టైమ్‌గ్రాఫర్ (వాచీ నడక వేగాన్ని కొలిచే పరికరం) మీద పెట్టి, విప్పక ముందు అది చూపే అంకెలను ఫోనులో ఫోటో తీసుకోండి. రబ్బరు రింగు కొత్తది వేస్తారా, మూత బిగించిన తరువాత నీరు చేరకుండా ఒత్తిడి పరీక్ష చేస్తారా అని అడగండి. ఇవేవీ చూడకుండా, కేవలం వాచీని చెవి దగ్గర ఊపి మొత్తం విప్పాలని చెప్పేవారి దగ్గర నుంచి వాచీని వెనక్కి తీసుకొని వచ్చేయండి.