స్పై కిడ్స్ 4 రివ్యూ: వాసన కార్డు గీకి మరీ చూశాను

నమస్తే అండీ, మారతహళ్లి నుంచి మళ్లీ మీ ముందుకొచ్చాను. ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియో వెనక ఒక ప్రొజెక్టర్ షాపు ఉంది. శాంపిల్ పంపి, దాని మీద ఏదైనా ఫ్యామిలీ సినిమా వేసి చూపించమన్నారు. ఏ సినిమా అన్నది నాకే వదిలేశారు. నేను 2011లో వచ్చిన 'స్పై కిడ్స్: ఆల్ ది టైమ్ ఇన్ ది వరల్డ్' వేశాను. ఈ వీడియో చూశాక వాళ్లు తల పట్టుకుంటారేమో మరి.

కథ మీకు ఎక్కడైనా దొరుకుతుంది, రెండు ముక్కల్లో కానిచ్చేస్తాను. జెస్సికా ఆల్బా రిటైరైన గూఢచారి. భర్తకి ఆ సంగతి తెలియదు. ఆయన మొదటి భార్య పిల్లలు రెబెక్కా, సెసిల్. కాలాన్ని పరుగులు పెట్టించే టైమ్‌కీపర్ విలన్. అంతే.

ఇక నా బాధ దగ్గరికొస్తా. దీన్ని 4డీ అని అమ్మారు. నాలుగో డీ ఏంటంటే వాసన! అరోమాస్కోప్ అని ఒక కార్డు, దాని మీద ఎనిమిది అంకెలు. తెర మీద అంకె కనబడగానే కార్డు మీద అదే అంకెని గీకి వాసన చూడాలి. మన సబ్‌స్క్రైబర్ ఒకాయన ఇన్నేళ్లూ దాచుకున్న కార్డు కొరియర్ చేశారు, ఆయనకి దండం పెట్టాలి. లైట్లన్నీ ఆర్పేశాం కదా, చీకట్లో ఆ అంకె ఎక్కడుందో ఎలా కనబడుతుంది? ఫోన్ టార్చ్ వేసి వెతికి, గోటితో గీకి, ముక్కు దగ్గర పెట్టుకునేలోపు సీనే మారిపోయింది. పాత కార్డు కదా, వాసన ఎప్పుడో పోయుంటుందిలే అనుకున్నా. పోలేదండీ, అదే సమస్య. ఏది గీకినా ఒకటే తీపి వాసన. మా అక్క కొడుకు పక్కనే కూర్చుని, "మావయ్యా, ఇది కూడా చూయింగ్ గమ్మే!" అని ప్రతిసారీ తీర్పు చెప్పాడు. కొంచెంసేపటికి వాడు సినిమా వదిలేసి కార్డుతోనే ఆడుకున్నాడు.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. అమెరికన్ డైరెక్టర్ జాన్ వాటర్స్ 1981లోనే 'పాలియెస్టర్' సినిమాకి ఇలాంటి కార్డు పంచాడు. కాకపోతే అది ప్రేక్షకుణ్ణి ఆటపట్టించడానికి చేసిన అల్లరి. ఇక్కడ డైపర్ జోకులు, వాంతి జోకులు, మాట్లాడే రోబో కుక్క జోకులు... చూస్తుంటే కార్డు కోసమే సీన్లు రాసుకున్నట్టు ఉంది.

ఇంత మంట ఎందుకంటే, ఈ సిరీస్ నాకు ఇష్టం. 2001లో మొదటిది తీసిన రాబర్ట్ రోడ్రిగెజే దీనికీ డైరెక్టర్. అందులో చాదస్తపు అమ్మానాన్నలే గూఢచారులని పిల్లలకి తెలుస్తుంది, ఆ మజా మొత్తం ఇల్లు చుట్టూనే తిరుగుతుంది. 2003లో మూడోది ఎరుపు, నీలం అద్దాలతో త్రీడీ. తలనొప్పి వచ్చేది, అయినా ఒక వీడియోగేమ్ లోపలికి దూరిన సరదా ఉండేది. నాలుగోదానికి వచ్చేసరికి నాన్న వేషం వేసిన ఆంటోనియో బాండెరాస్ లేడు. ఆ పాత పిల్లలు కార్మెన్, జూనీ పెద్దవాళ్లై కనబడతారు. వాళ్లు వచ్చిన ప్రతిసారీ సినిమా నిటారుగా కూర్చుంటుంది, వెళ్లగానే మళ్లీ వాలిపోతుంది.

ఇప్పుడు స్పాయిలర్, చూడాలనుకునేవాళ్లు కాస్త ముందుకు జరపండి. విలన్ చిన్నప్పుడు కాలంలో గడ్డకట్టుకుపోతాడు. వాణ్ణి విడిపించడానికే బతుకంతా ధారపోసి తండ్రి పోతాడు. వెనక్కి వెళ్లి నాన్నతో కొంతకాలం గడపాలన్నదే వీడి గోల. యంత్రంలోకి వెళ్లి, ఆ మరుక్షణమే ముసలివాడై తిరిగొస్తాడు. బతుకు అయిపోయింది, ఏమీ మారలేదు! ఆ విలన్‌గా వేసిన జెరెమీ పివెన్ మొహం చూసి నేను కార్డు పక్కన పడేశాను. అసలు సినిమా ఇదే కదా అనిపించింది. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటి ఇంటికొచ్చేసరికి పిల్లలు నిద్రపోయి ఉండే నాన్నలు మన బెంగళూరులో ఎంతమంది! వాళ్లకి గుచ్చుకోవాల్సిన కథ ఇది. దాన్ని చివర్లో హడావిడిగా కానిచ్చేసి, ముందంతా ముక్కుకి పని చెప్పారు.

ఆ, సెసిల్ గురించి ఒక్క మాట. వాడికి వినికిడి యంత్రం ఉంటుంది, అయినా సినిమా వాణ్ణి ఎక్కడా జాలిగా చూడదు. అందరికంటే చురుకైనవాడు వాడే. ఈ మార్కులు ఇచ్చి తీరాలి.

విమర్శకులు దీన్ని ఉతికి ఆరేశారు. వసూళ్లు మాత్రం 2.7 కోట్ల డాలర్ల ఖర్చుకి 8.5 కోట్ల దాకా వచ్చాయి. అయినా నా ఓటు పడదు. పిల్లలకి మొదటి భాగం పెట్టండి, వాళ్లే రెండోసారి అడుగుతారు. దీనికి నేను ఐదుకి ఒకటిన్నర ఇస్తా, అందులో ఒకటి ఆ ముసలి టైమ్‌కీపర్‌కే. ప్రొజెక్టర్ సంగతా? బొమ్మ బాగుంది, ఫ్యాన్ మోత ఎక్కువ. దాని గురించి వచ్చే వీడియోలో తీరిగ్గా మాట్లాడుకుందాం.